పై తరగతుల్లో చరిత్ర ఎలా వుంటుంది?



నరసన్నపేట వైపునుంచి పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి వుత్తరం రాసింది. "ఇంటర్మీడియెట్లో చరిత్ర తీసుకోవాలని వుంది. అక్కడ యింకా లావుపాటి పుస్తకాలూ, యింకా ఎక్కువ తేదీలూ బట్టీ పట్టాలా? మా యింట్లోవాళ్ళు ఆ చదువెందుకు అంటున్నారు," అని.

అమ్మాయీ, తేదీలు వుంటాయి. లేవని అబద్ధం చెప్పను. కాని వాటితో చేసే పని మారిపోతుంది. ఎలా మారుతుందో తెలియాలంటే, ఒక్కసారి శ్రీముఖలింగం వెళ్ళివద్దాం. మీకు దగ్గరే గదా!

వంశధార ఒడ్డున మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు గుళ్ళున్నాయి. చిన్న తరగతి పుస్తకంలో దాన్ని గురించి ఒక్కటే వాక్యం వుంటుంది: "తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం, అదే నేటి ముఖలింగం." అది చదువుతాం, పరీక్షలో రాస్తాం, మార్కు వస్తుంది. పై తరగతిలో మాస్టారు ఆ వాక్యాన్నే పట్టుకుని, "అని ఎవరు చెప్పారు? వారికెలా తెలిసింది?" అని అడుగుతారు.

ఎలా తెలిసిందో విను. ఒకప్పుడు కొందరు పండితులు కళింగనగరమంటే వంశధార సముద్రంలో కలిసేచోట వున్న కళింగపట్నమే అనుకున్నారు. పేర్లు కలిశాయి గదా! ఆ రోజుల్లో పర్లాకిమిడి రాజావారి బడిలో గిడుగు రామమూర్తిగారనే చరిత్ర మాస్టారుండేవారు. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తెలుగు వాడుకభాషకోసం పోరాడినవారుగా ఆయన మీకు తెలుసు. 1880లో ఆయన బడిలో చేరినప్పుడు చెప్పినది ఒకటో ఫారం పిల్లలకు చరిత్ర. పాత లిపి చదవడం ఆయన స్వయంగా నేర్చుకున్నారు. ముఖలింగం గుడి గోడలమీది శాసనాలు చదివారు. ఎవరు అఖండదీపానికి దానమిచ్చారు, ఏ రాజు కాలంలో ఇచ్చారు అనేవి ఆ రాళ్ళమీద వున్నాయి. వాటి ఆధారంతో, కళింగనగరం ముఖలింగమేనని ఆయన వాదించారు. నేడు చాలామంది చరిత్రకారులు ఒప్పుకునేది ఆ మాటనే. చూశావా, పుస్తకంలోని ఒక్క వాక్యం వెనక ఎంత తగాదా వుందో!

ఇక తేదీల సంగతి. గాంగరాజులలో గొప్పవాడు అనంతవర్మ చోడగంగదేవుడు. పూరీ జగన్నాథుని పెద్దగుడి కట్టడం మొదలుపెట్టినవాడు ఇతడే. ఇతడి పట్టాభిషేకం ఏ శక సంవత్సరంలో జరిగిందో రాగిరేకులమీద అంకెల్లో లేదు. "నంద, రంధ్ర, గ్రహ" అని మాటల్లో వున్నది. నందులు తొమ్మిదిమంది, శరీరానికి రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. అంటే 999! దానికి 78 కలిపితే క్రీస్తుశకం 1077 వస్తుంది. కాని తొందరపడకు. శాసనంలో సూర్యుడు కుంభరాశిలో వున్నాడని కూడా వుంది. శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది. కుంభమాసం వచ్చేసరికి యింగ్లీషు సంవత్సరం మారిపోతుంది. కాబట్టి 79 కలపాలి. పండితులు తిథీ, వారమూ లెక్కకట్టి, అది 1078 ఫిబ్రవరి 17 అని తేల్చారు. శాసనం శనివారం అన్నది. లెక్కలోనూ శనివారమే వచ్చింది! ఇలా రాబట్టిన తేదీని బట్టీ పట్టనక్కరలేదు.

అసలు కష్టం మరొకటి వున్నది. చోడగంగదేవుడు శక 1003లో, అంటే 1081లో, ఒక రాగిశాసనం వేయించాడు. అందులో అతడి వంశం గుణమహార్ణవుడితో మొదలవుతుంది. శక 1040లో, అంటే 1118లో, మరొకటి వేయించాడు. అందులో వంశం విష్ణుమూర్తితో మొదలై, చంద్రుడి మీదుగా, ఎందరో రాజుల మీదుగా దిగి వస్తుంది. ఇప్పచెట్టునుంచి పుట్టిన లింగానికి పూర్వీకుడైన కామార్ణవుడు గుడి కట్టించి మధుకేశుడని పేరుపెట్టాడనే కథ కూడా వున్నది. (మధుకమంటే ఇప్పచెట్టే.) రాజు ఒక్కడే, మధ్యన గడిచింది ముప్పైయేడేళ్ళు. ముందు లేని తాతముత్తాతలు తరువాత ఎక్కడినుంచి వచ్చారు?

పై తరగతి పరీక్షలో ఇటువంటివి అడిగితే, దేన్ని నమ్ముతావో, ఎందుకు నమ్ముతావో నువ్వే రాయాలి. రాజ్యం ఉత్కళం దాకా పెరిగాక దానికి తగ్గ వంశవృక్షం కావలసివచ్చిందని నాకు తోస్తుంది. నీకు వేరే కారణం తోచవచ్చు. ఆధారం చూపితే దానికీ మార్కులుంటాయి, చూపకపోతే నా జవాబుకైనా వుండవు. రెండో శాసనాన్ని అబద్ధమని అవతల పారేయడం మాత్రం తప్పు. 1118లో ఆ రాజు లోకం తనను ఎలా చూడాలనుకున్నాడో అంత బాగా చెప్పే సాక్షి మరొకటి లేదు.

ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలంటావా? చరిత్ర చదివినవాళ్ళు మాస్టర్లవుతున్నారు, ప్లీడర్లవుతున్నారు, పురావస్తు శాఖలో చేరుతున్నారు, పెద్ద సర్కారు పరీక్షలకూ కూచుంటున్నారు. నీకు మాత్రం ఒక హెచ్చరిక. చదవవలసింది చాలా వుంటుంది, రాయవలసింది అంతకన్న ఎక్కువ. రాసినదాన్ని మాస్టారు ఎర్రసిరాతో కొట్టేస్తే మళ్ళీ రాయాలి. లెక్కలంటే భయంతో చరిత్రలోకి పారిపోయి వద్దామనుకునేవాళ్ళకు పైన చెప్పిన శనివారం ఒకటి కాచుకుని వుంటుంది.

నీకు ఓపిక వుందో లేదో ఇప్పుడే చూసుకో. నడగాంలో దొరికిన వజ్రహస్తదేవుని రాగిరేకులను కూడా గిడుగువారే చదివి ప్రకటించారు. అందులో ఆ రాజు పట్టాభిషేకం నాటి శక సంవత్సరం "వియత్, ఋతు, నిధి" అని వుంది. వియత్తంటే ఆకాశం, అంటే సున్న. మిగతా రెండూ నీకు తెలిసినవే. ఇటువంటి మాటలను వెనకనుంచి ముందుకు చదవాలి. మూడు తొమ్మిదులలో ఆ చిక్కు రాలేదంతే! అప్పుడు సూర్యుడు వృషభరాశిలో వున్నాడు. 78 కలపాలో 79 కలపాలో ఆలోచించి, వచ్చిన సంవత్సరం నాకు రాయి.