కబురు చేరే దారి

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం మూసిన తరువాత కూడా అశోక్‌నగర్ సందులలోని అద్దెగదులలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పోటీపరీక్షలకు చదివే యువతీయువకుల రాత్రులు అక్కడ పుస్తకాల ముందే గడుస్తాయి. ఆ వేళ ఒక్క భవనానికే విద్యుత్తు పోతే ఎవరో ఒకరు ఫోను చేసి చెప్పవలసిందే. స్మార్ట్ మీటరు ఉంటే ఆ కబురును మీటరే పంపగలదు.

ఇటువంటి మీటర్లన్నీ నేరుగా కార్యాలయంతో మాట్లాడనక్కరలేదు. ఒక మీటరు రేడియో తరంగాల ద్వారా పొరుగు మీటరుకు, అది వేరొకదానికి కబురందిస్తూ, చివరకు వీధిలోని సంగ్రాహక యంత్రానికి చేర్చవచ్చు. ఈ అల్లికనే మెష్ నెట్‌వర్క్ అంటారు. కాళిదాసు యక్షుడు ఒక్క మేఘాన్నే నమ్ముకొన్నాడు. అది దారి తప్పితే అలకాపురికి సందేశమే లేదు. మెష్‌లో ఒక దారి మూసుకొంటే మరొక దారి వెతుక్కొనే వీలున్నది.

దారిని ఎన్నుకోవడానికి అంతర్జాల ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 2012లో 'ఆర్‌పీఎల్' అనే విధానాన్ని ప్రకటించింది. దీనిలో ప్రతి మీటరూ సంగ్రాహకానికి తాను ఎంత దూరంలో ఉన్నదో లెక్కగట్టుకొంటుంది. ఈ దూరాన్ని గజాలలో కొలవరు. కబురు చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపవలసివస్తున్నదో దానినిబట్టి కొలవవచ్చు. పక్కనే ఉన్న మీటరుకు నాలుగుసార్లు చెబితేగాని వినబడకపోతే, గోడ అవతలిదే దగ్గరిదవుతుంది. మనుషుల చుట్టరికాలూ ఇంతే కదా!

నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి చోట్ల ఈ లెక్క కఠినమవుతుంది. బహుళ అంతస్తుల భవనాలలో మీటర్లు తరచు సెల్లారులో, ఇనుప పెట్టెలలో ఉంటాయి. కాంక్రీటు, ఇనుము రేడియో తరంగాలను క్షీణింపజేస్తాయి. సెల్లారులో ఎన్ని మీటర్లున్నా, వీధిలోకి దారి ఒక్కటే అయితే ఆ వల ఒంటిపోగు దారమే. పైగా విద్యుత్తు పోయినప్పుడు కబురు మోయవలసిన పొరుగు మీటర్లూ ఆరిపోతాయి. లోపల దాచుకొన్న కొద్దిపాటి శక్తితో మీటరు పంపే కడపటి కబురును ఇంజనీర్లు 'లాస్ట్ గ్యాస్ప్' అంటారు, కొనఊపిరి అన్నమాట. అన్ని మీటర్లూ ఒక్కసారే కేకవేస్తే ఏదీ వినబడకపోవచ్చు.

కేంద్రం దేశంలో ఎంపిక చేసిన 14 ప్రయోగాత్మక స్మార్ట్ గ్రిడ్ పథకాలలో జీడిమెట్ల పారిశ్రామికవాడ ఒకటి. ఆ అనుభవం విలువైనదే గాని, ఇరుకు సందులకు దానిని యథాతథంగా అన్వయించడం తగదు.

2021లో కేంద్రం 25 కోట్ల ప్రీపెయిడ్ మీటర్లను లక్ష్యంగా ప్రకటించింది. ప్రీపెయిడ్ పద్ధతిలో, సొమ్ము ముట్టినదన్న కబురు మీటరుకు అందకపోతే, చెల్లించినవాని ఇల్లే చీకటవుతుంది. నూటికి తొంభైతొమ్మిది కబుర్లు చేరితే చాలదా అని కొందరనవచ్చు. నెలసరి రీడింగుకు చాలును. అందనిదానిని మరునాడు తెప్పించుకోవచ్చు. విద్యుత్తును పునరుద్ధరించే ఆజ్ఞకు మాత్రం చాలదు. అందని ఆ ఒక్కటీ ప్రతిసారీ అదే సెల్లారుది కావచ్చు. తెల్లవారితే పరీక్ష ఉన్నవానికి సగటుతో పనిలేదు.

కనుక ప్రతి సెల్లారు నుండి వీధికి కనీసం రెండు వేర్వేరు దారులున్నవో లేవో ముందు పరీక్షించాలి. లేనిచోట బ్యాటరీ గల రిలే యంత్రాన్ని భవనం వెలుపల అమర్చాలి. దూరం నుండి విద్యుత్తును నిలిపే అధికారం ఆ తరువాతి మాట. అంతవరకు మీటరు రీడరు నెలనెలా మెట్లు దిగి రావడమే మేలు.