సంతకానికి ముందు దుబాసీ

కువైట్‌లో పోలీసు స్టేషన్‌కైనా, కోర్టుకైనా భాష అరబ్బీ. ఇళ్లల్లో పనిచేసే మన ఆడపడుచుల్లో చాలామందికి వచ్చింది వంటింటి అరబ్బీ. మాకు వచ్చింది సైటు అరబ్బీ. ఇనుము, సిమెంటు అడగడానికి అది చాలు. వాంగ్మూలానికి చాలదు.

ఆ మధ్య కడప జిల్లా చెల్లెలొకామెకు తోడుగా స్టేషన్‌కు వెళ్లాం. "మేడం నామీద చేయి చేసుకుంది" అందామె. తెలుగు అంతంతమాత్రం వచ్చిన ఒకాయన దాన్ని చేతిపని దగ్గర గొడవగా చెప్పేశాడు. కొట్టిన సంగతి కాగితమెక్కలేదు. ఆమె దానికిందే వేలిముద్ర వేసింది. పక్కనున్న మేమూ ఆపలేకపోయాం. అరబ్బీ చదివినవాళ్లు తర్వాత చెబితేగాని మాకు తెలియలేదు.

2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు ఇచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగింది అర్థం కాకపోతే ఎవరు పెడతారు?

కువైట్ 1996లో చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, కోర్టు భాష రాని ముద్దాయికి దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. దెబ్బలు తిని ఫిర్యాదుకొచ్చిన మనిషికీ ఆ సాయం ఉండొద్దా? మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం, పిల్లల సాక్ష్యం తీసుకునేటప్పుడు దుబాసీ సాయానికి వీలు కల్పించింది. ఇక్కడ మన ఎంబసీ తెలుగు, అరబ్బీ రెండూ బాగా వచ్చినవారిని ఇలాంటి కేసులకు పంపాలి.

మనం చేయాల్సిందీ ఉంది. అర్థం కాని కాగితం మీద సంతకం వద్దు. "ముతర్జిం" కావాలని అడగండి, ఎంబసీకి కబురు చేయండి. తోడు వెళ్లినవాళ్లు సొంత మాటలు కలపొద్దు. ఆమె గోడు ఆమె మాటల్లోనే చేరాలి.