చర్చల బల్ల దగ్గర మన కుర్చీ ఏది?



2004 అక్టోబరులో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో నాలుగు రోజులు శాంతి చర్చలు జరిగాయి. ఒకవైపు హోంమంత్రి జానారెడ్డి బృందం, ఇంకోవైపు అడవి నుంచి వచ్చిన నక్సలైట్ నాయకులు. మధ్యవర్తుల్లో ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు. 2005 జనవరికల్లా అంతా మూలపడింది, మళ్లీ తుపాకులే. మన భూమి గురించి రెండు పక్షాలూ మాట్లాడాయి. గ్రామసభల తరఫున మాత్రం ఎవరికీ కుర్చీ వెయ్యలేదు.

2025లో మావోయిస్టులు మళ్లీ చర్చలకు సిద్ధమన్నారు. ముందు ఆయుధాలు దించండి అంది కేంద్రం. 2026 మార్చి 31 అని గడువు కూడా పెట్టింది. గడువు పెట్టి ఖతం చెయ్యడానికి ఇదేమన్నా రోడ్డు కాంట్రాక్టా? రేపు అడవిలో ఒక్క దళం లేకుండా పోయినా, చచ్చినోళ్ల లెక్క మిగిలే ఉంటది.

బీజాపూర్ జిల్లా సార్కెగూడ సంగతే చూడండి. 2012 జూన్ 28 రాత్రి 17 మందిని కాల్చి చంపారు. అందులో పిల్లలూ ఉన్నారు. ఎన్‌కౌంటర్ అన్నారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోడానికి కూర్చున్నామని ఊరోళ్లు మొత్తుకున్నారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ 2019లో తేల్చింది. అంటే, ఇంతమాట చెప్పడానికి ఏడేళ్లు పట్టింది.

ఇక మన వైపు కూడా చూసుకుందాం. ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి మావోయిస్టులు చంపిన కోయ రైతు పేరు మన సభల్లో ఎన్నిసార్లు చదివాం? ఆకులకు పోయి మందుపాతర తొక్కిన అక్క పేరు? డీఆర్‌జీ యూనిఫాంలో చచ్చిన పిల్లగాడూ చాలాసార్లు మనోడే. ఈ మాటకు కొందరికి కోపం వస్తది. రానీ.

2005లో మొదలైన సల్వాజుడుం దెబ్బకు ఊళ్లు వదిలి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలు బాధితులు కారా? అటవీశాఖ కాగితాల్లో వాళ్లు ఆక్రమణదారులు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మనలోనూ వాళ్లను బయటోళ్లు అనేవాళ్లున్నారు.

చర్చలు మళ్లీ మొదలుపెట్టాలి. కాల్పులు ఇద్దరూ ఆపాలి. పెసా చట్టం 1996లోనే గ్రామసభను గుర్తించింది కదా, ఆ గ్రామసభల మనుషుల్ని ఈసారి బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మొదటిరోజు ఎజెండాలో మొదటి పని మృతుల జాబితా: ఏ ఊరు, ఎవరు, ఎవరు చంపారు. అన్ని వైపులవాళ్లూ ఉండాలి.

ప్రభుత్వం రాస్తదని ఎదురుచూడొద్దు. మీ దగ్గరి గుత్తికోయ గుంపుకు పోండి. ఎవర్ని పోగొట్టుకున్నారో అడిగి నోట్‌బుక్కులో రాసుకోండి. చెప్పనంటే బలవంతం చెయ్యకండి. ఫోటోలు, పేర్లు ఫేస్‌బుక్‌లో అస్సలు పెట్టకండి, ప్రమాదం వాళ్లకే.