ముందు సరుకు.. ఆ తర్వాతే బండి!

ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు వైపు వెళ్లే రోడ్ల మీద బండి లేని ఉపాధి లేదు. ఐసు చేపల లారీలు, నీళ్ల ట్యాంకులతో బతికున్న చేపల వ్యాన్లు, గేదెల్ని ఎక్కించుకున్న పికప్‌లు.. అన్నీ కొల్లేరు చుట్టూ తిరిగేవే. అందుకే డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకని కుర్రాడికి ఇంట్లో వినిపించే మొదటి సలహా ‘ఏదో ఒక బండి తీసుకోరా’ అని. ఇప్పుడు దానికి రాయితీలు, కోర్టు తీర్పులు కూడా తోడయ్యాయి. కానీ కిస్తీలు కట్టలేక బండి అప్పగించే పరిస్థితి రాకూడదంటే షోరూమ్‌కి వెళ్లేముందే తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది.

తలుపులు తెరుచుకున్నాయి.. కానీ

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. మొదట 2024-25 వరకు అనుకున్న పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. ఇందులో ఇన్సులేటెడ్ వాహనానికి యూనిట్ ధర రూ.20 లక్షలు, రిఫ్రిజిరేటెడ్ వాహనానికి రూ.25 లక్షలు. జనరల్ వర్గానికి 40 శాతం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీ. అంటే రూ.20 లక్షల బండికి రూ.8 లక్షలో, రూ.12 లక్షలో సాయం. ధర అంతకు మించితే పైది మొత్తం మీ జేబులోంచే. కాబట్టి దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారా, రాయితీ ఏ దశలో చేతికొస్తుంది అన్నది మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే బ్యాంకు గడప తొక్కండి.

రెండో తలుపు సుప్రీంకోర్టు తెరిచింది. ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపొచ్చని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చిచెప్పింది. పికప్‌లు, చిన్న లారీలు నడిపే కుర్రాళ్లకు ఇది పెద్ద ఊరట.

రాయితీ బండిని తెచ్చిపెడుతుంది. లైసెన్సు నడపనిస్తుంది. కిస్తీ కట్టేది మాత్రం బండి వెనకున్న బాడీయే. అక్కడే చాలామంది లెక్క తప్పుతోంది.

నీళ్లకు కిరాయి రాదు

బతికున్న చేపల బండినే తీసుకోండి. పికప్ మోయగల బరువు 1,500 కిలోలు అనుకుందాం. వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే నీళ్లే వెయ్యి కిలోలు. ట్యాంకు, ఫ్రేము, ఆక్సిజన్ సిలిండరు, గాలి బ్లోయరు కలిపి మరో 200 కిలోలు వేసుకోండి. మిగిలేది 300 కిలోలు. మీకు డబ్బులొచ్చేది ఆ 300 కిలోల చేపకే. ‘ఇంకాస్త ఎక్కిద్దాం’ అనుకుంటే అధిక లోడుకు మోటారు వాహనాల చట్టం కింద జరిమానా రూ.20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకూ రూ.2 వేలు.

ఏ చేప అన్నదాన్ని బట్టి కూడా ట్యాంకు మారుతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, తక్కువ నీళ్లలోనూ తట్టుకుంటుంది. బొచ్చె, శీలావతి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆ ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకే ఎండాకాలం పట్టపగలు ప్రయాణం అంటే నష్టాన్ని పిలిచినట్టే. ట్యాంకు లోపల అడ్డపలకలు లేకపోతే బ్రేకు కొట్టినప్పుడల్లా నీళ్లన్నీ ముందుకు తోసుకొస్తాయి. మలుపులో బండిని పక్కకు లాగేస్తాయి. ఇంకోమాట: ఎవరు ఎంత కిరాయి ఇస్తానన్నా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి వెళ్లొద్దు. దాని పెంపకం దేశంలో నిషేధం.

పశువుకు చోటు ఎంత?

పాడి గేదెల రవాణా పెట్టుకోవాలనుకుంటే లెక్క కిలోల్లో కాదు, చదరపు మీటర్లలో. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 2016 జనవరి 1 నుంచి పశువుల బండిలో ఒక్కోదానికీ విడిగా శాశ్వత అడ్డుగోడలతో గది ఉండాలి. ఆవుకు, గేదెకు కనీసం 2 చదరపు మీటర్లు, గుర్రానికి 2.25, గొర్రెకు, మేకకు 0.3. ఆ బండిలో వేరే సరుకు వేయకూడదు.

ఇప్పుడు టేపు పట్టండి. 14 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు బాడీ అంటే 84 చదరపు అడుగులు, సుమారు 7.8 చదరపు మీటర్లు. నాలుగు గేదెలకు 8 కావాలి. కాబట్టి చట్టప్రకారం ఎక్కేది మూడే! ఆర్డరిచ్చేముందే బాడీని అర అడుగు పెంచి ఉంటే నాలుగోదానికి చోటు దొరికేది. అలా ట్రిప్పుకో కిరాయి పోగొట్టుకోవడం కంటే ముందే కొలుచుకోవడం మేలు కదా! వీటితోపాటు జారని నేల, పశువులు నడిచి దిగే ర్యాంపు, పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి అనుకోండి.

షెడ్డులో అడ్వాన్సు ఇచ్చేముందు

విజయవాడ ఆటోనగర్‌లో కట్టించినా, తాడేపల్లిగూడెంలో కట్టించినా ఈ నాలుగూ అడగండి.

బరువు: బాడీ బరువెంతో కాగితం మీద రాయించుకోండి. అదనంగా ఎక్కిన ప్రతి వంద కిలోల ఇనుమూ బండి ఉన్నంతకాలం మీ లోడులోంచి వంద కిలోలు తినేస్తుంది.

తుప్పు: కరిగిన ఐసు నీళ్లు, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు మామూలు ఇనుమును త్వరగా కొరికేస్తాయి. లోపలి పొరకు ఫైబరో, స్టెయిన్‌లెస్ స్టీలో మేలు. నీళ్లు పోయే వాలు, రంధ్రం ఎక్కడున్నాయో చూడండి.

అతుకులు: ఐసు బాడీలో పఫ్ పలకల అతుకుల్లోంచి నీళ్లు లోపలికి దిగితే చల్లదనం ఆగదు, బరువూ పెరుగుతుంది.

ఆర్‌సీ: కట్టిన బాడీ, ఆర్‌సీలో రాసిన బాడీ ఒకటే అయి ఉండాలి. తర్వాత సొంతంగా మార్పులు చేస్తే జరిమానాతో పోదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే.

కొనలేకపోతే కట్టండి

అందరికీ బండి కొనే స్తోమత ఉండదు. అక్కర్లేదు కూడా. బాడీ కట్టేవాళ్లకూ, చల్లదనం యంత్రాలు బాగుచేసేవాళ్లకూ చేపల బెల్టులో పని ఉంటుంది. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది, రిఫ్రిజిరేషన్-ఏసీ టెక్నీషియన్ రెండేళ్లు. స్టెయిన్‌లెస్ స్టీలు అతుకు శుభ్రంగా వేయగలిగినా, దారిలో ఆగిన శీతల యంత్రాన్ని మళ్లీ తిప్పగలిగినా మీ ఫోన్ నంబరు డ్రైవర్లే ఒకరికొకరు ఇచ్చుకుంటారు.

బండే కావాలనుకుంటే మాత్రం వరస తిప్పేయండి. ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎంత దూరం, నెలకు ఎన్ని ట్రిప్పులు అన్నది ముందు రాసుకోండి. దానికి తగ్గ బాడీ గీయించండి. ఆ బాడీని మోయగల ఛాసిస్ చివర్లో ఎంచుకోండి. బండి చేతికొచ్చిన రోజే ఖాళీగా కాటాకి ఎక్కించి స్లిప్పు తీసుకోండి. షెడ్డువాళ్లు చెప్పిన బరువుకూ స్లిప్పులో ఉన్న బరువుకూ తేడా ఉంటే మిగతా సొమ్ము ఇచ్చేముందే అడగొచ్చు.