టీకా కార్డులో గుండెకూ ఒక గడి కావాలి

కుక్కల్ని పెంచుకుంటున్న ఇళ్లవారికి, వాటికి టీకాలు వేసే డాక్టర్లకు,

మా బంటి పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. పదకొండేళ్ల తెల్ల పామరేనియన్. ఆ రాత్రి రెండున్నరకు ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, గోడవారన కూర్చుంది. పడుకోబెడితే లేచి కూర్చుంది. మళ్లీ పడుకోబెట్టాను, మళ్లీ లేచింది. పడుకుంటే ఊపిరాడదని దానికి తెలుసు, నాకు తెలియలేదు. నాలుక నీలంగా తిరిగింది. ముక్కులోంచి గులాబిరంగు నురగ వచ్చింది. ఆటో దొరికేసరికి అయిపోయింది.

గుండె జబ్బు ముదిరి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని మర్నాడు చెప్పారు. ఆ ముక్క చెప్పించుకోవడానికి అది చావాల్సి వచ్చింది.

అంతకుముందు ఐదు నెలలుగా దగ్గుతోంది. గొంతులో ఎముక అడ్డం పడ్డట్టు దగ్గి, చివర్లో కక్కబోయినట్టు చేసేది. తెల్లవారుజామున ఎక్కువ. గేటు చప్పుడైతే సంబరంతో లేచి ఇంకా ఎక్కువ. నాలుగుసార్లు క్లినిక్కుకు తీసుకెళ్లాను, నాలుగుసార్లూ దగ్గుమందే ఇచ్చారు. ఆ సీసాలు ఇంకా మా అలమరలోనే ఉన్నాయి, ఒకదాంట్లో సగం మందు అలాగే ఉంది. మూడోసారి డాక్టరుగారు దాన్ని బల్ల మీదికి కూడా ఎక్కించలేదు. నా చంకలో ఉండగానే "చలికండీ, తగ్గిపోతుంది" అని చీటీ రాసిచ్చారు. స్టెతస్కోపు ఆయన మెడలోనే వేలాడుతోంది. బంటి ఛాతీకీ దానికీ రెండడుగుల దూరం.

ఆయన పేరు రాయను. ఆయనొక్కడి తప్పే అయితే ఈ కరపత్రం అచ్చు వేయించే పనే లేదు. బంటి పోయాక దాని టీకా కార్డు తీసి చూశాను. పదకొండేళ్ల స్టిక్కర్లు, తేదీలు, బరువులు, నులిపురుగుల మందు లెక్కలు అన్నీ ఉన్నాయి. గుండె గురించి ఒక్క అక్షరం లేదు. మీ ఇంట్లో కార్డు కూడా తీసి చూడండి.

వయసు మళ్లిన చిన్నజాతి కుక్కల్లో గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటం మందమెక్కి, ముడతలుపడి, సరిగ్గా మూసుకోదు. కుక్కల గుండెజబ్బుల్లో సుమారు నాలుగింట మూడొంతులు ఇదే. గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంత నెత్తురు వెనక్కి చిమ్ముతుంది. లబ్‌కీ డబ్‌కీ మధ్య ఉస్సుమనే ఆ చప్పుడునే డాక్టర్లు మర్మర్ అంటారు. ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్పడానికి ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్నాయి. ఆయాసం మొదలవడానికి చాలా ముందే, ఒక్కోసారి ఏళ్ల ముందే అది చెవికి అందుతుంది. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఒక నిమిషం ఓపిక చాలు.

వినిపించి ఏం లాభం, ముసలి కుక్క ఎలాగూ పోయేదే అంటారు. ఈ మాట అనేవాళ్లు 2016లో వచ్చిన ఎపిక్ పరిశోధన సంగతి వినలేదు. మర్మర్ ఉండి, గుండె పెరిగి, ఇంకా ఆయాసం రాని 360 కుక్కల మీద చేసిన పరీక్ష అది. సగం కుక్కలకు పిమోబెండాన్ మాత్ర, సగానికి ఉత్త మాత్ర. అసలు మందు పడిన కుక్కల్లో గుండె చేతులెత్తేసే దశ సగటున పదిహేను నెలలు వెనక్కి జరిగింది. పదకొండేళ్ల కుక్కకు పదిహేను నెలలంటే ఎంతో లెక్క వేసుకోండి. అయితే ఆ మాత్ర ఎవరికివ్వాలో తెలియాలంటే ముందు మర్మర్ వినాలి, తర్వాత ఎక్స్‌రేలోనో ఎకోలోనో గుండె పెరిగిందో లేదో చూడాలి. మొదటి మెట్టే ఎక్కనివాళ్లకు మందు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పామరేనియన్లకు శ్వాసనాళం అణిగిపోయి కూడా దగ్గు వస్తుంది కదా అని ఒక డాక్టరుగారు నాతో వాదించారు. వస్తుంది. అందుకే కదండీ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టమనేది! ఏ దగ్గో తేల్చుకోకుండా సీసా చేతిలో పెట్టడం వైద్యం కాదు, బేరం.

మన దేశంలో పశువైద్యం మొదటినుంచీ మందకోసం నేర్చుకున్నదే. 1903లో మద్రాసులో కళాశాల పెట్టిన దొరలకు కావలసింది గుర్రాలూ, బండెద్దులూ. ఆ చదువుతోనే మనవాళ్లు కొట్టం కొట్టం తిరిగి టీకాలు వేసి ముసరవ్యాధిని తరిమారు. 2006లో దేశానికి ఆ పీడ వదిలిందని ప్రపంచం ఒప్పుకుంది. దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ అలవాటే ఇవాళ మన గొంతుకు చుట్టుకుంది. సూది వేశామా, స్టిక్కరు అంటించామా, తర్వాతది రమ్మన్నామా! కుక్క మంద కాదు. దానికి ఒక పేరుంది, ఒక ఛాతీ ఉంది.

మనుషులకే గుండె డాక్టర్లు దొరకడం లేదు, కుక్కలకా అని నవ్వేవాళ్లకు జవాబు చెప్పను. నేను కొత్త డాక్టర్ని అడగడం లేదు, ఉన్న డాక్టరు మెడలో ఉన్నదాన్ని చెవిలో పెట్టుకోమంటున్నాను.

ముఖ్యంగా అడిగేది ఒకటి. రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలూ ఉత్తర్వు ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ప్రైవేటు క్లినిక్కులోనైనా ఏటా రేబిస్ టీకా వేసినప్పుడు కుక్క గుండె విని, మర్మర్ ఉందా లేదా, ఉంటే ఎన్నో అంకె, కార్డులో రాసి సంతకం చేయాలి. డాబర్‌మన్ల సంగతి వేరు. వాటికి గుండె కండరమే పలచబడుతుంది, చాలాసార్లు చప్పుడే ఉండదు, ఆడుకుంటూ కుప్పకూలుతాయి. వాటికి ఏటా ఈసీజీ, ఎకో ఉండాలి. అందుకు జిల్లా కేంద్రంలో కనీసం ఒక్క యంత్రం పెట్టాలి.

ఉత్తర్వు వచ్చేదాకా మీ చేతిలో పనొకటుంది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేచి పడిందో లెక్కపెట్టండి. నిమిషానికి ముప్పైలోపు ఉండాలి. రోజూ దాటుతుంటే తెల్లారగానే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పడుకోలేక కూర్చున్నా, చిగుళ్లు పాలిపోయినా నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి. పక్కింటి తాతగారు ఒంట్లో నీరు తగ్గడానికి వేసుకునే లాసిక్స్ మాత్ర సొంతంగా వేయకండి. డాక్టరు వేయమంటే మాత్రం నీళ్లగిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఉప్పెక్కువుండే అప్పడం, ఊరగాయ ముక్క, చిప్స్ దానికి పెట్టడం మానెయ్యండి. బంటికి అప్పడం నేనే పెట్టేవాణ్ని.

ఈసారి టీకాకు వెళ్లినప్పుడు కార్డు జేబులో పెట్టుకునేముందు ఒకసారి తెరిచి చూడండి. గుండె మాట రాయకపోతే కార్డు తిరిగి బల్లమీద పెట్టి, విని రాసేదాకా అక్కడే నిలబడండి.