గూళ్ల పైసలు జీతం పక్కన రాయాల్సిందే



మన బీదర్ వైపు మల్బరీ పెట్టినవాళ్లలో నౌకరీ చేసేవాళ్లూ ఉన్నారు. పగలు బడి, బ్యాంకు, ఫ్యాక్టరీ. పొద్దున, సాయంత్రం షెడ్డు. రిటర్ను వేసేటప్పుడు మాత్రం జీతం ఒక్కటే రాస్తారు. "పట్టు వ్యవసాయమే కదా, పన్నెందుకు?" అంటారు.

మేమూ చాన్నాళ్లు అట్లే అనుకున్నాం. కానీ 1999లోనే కె. లక్ష్మణన్ అండ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. భూమిలో పండేది ఆకు, గూడు కట్టేది పురుగు. కాబట్టి గూళ్లు అమ్మిన ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు.

ఒక లెక్క చూడండి. 2025-26లో కొత్త పద్ధతి కింద జీతం 11.5 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 10.75 లక్షలు, పన్ను సున్నా. గూళ్ల మీద 2 లక్షల లాభం కలిస్తే 12.75 లక్షలు. 12 లక్షలు దాటింది కాబట్టి సెస్సుతో కలిపి పన్ను 74,100 రూపాయలు! అందుకే దాచాలనిపిస్తుంది. కానీ గూళ్ల డబ్బు బ్యాంకులో పడుతోంది. నోటీసు వస్తే పన్నుతోపాటు వడ్డీ, జరిమానా కూడా కట్టాలి. అదే జీతం 8 లక్షలైతే, లాభం కలిపినా పన్ను లేదు. మరి భయమెందుకు?

ఇందులో అన్యాయం లేదని మేం అనం. లాభమొస్తే జీతంలో కలుపుతారు. ఊజీ ఈగతోనో, సున్నపుకట్టుతోనో పంట పోతే ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయనివ్వరు. ఇది మారాలని మనమంతా కలిసి అడగాలి. మారేదాకా లెక్క చూపడమే మేలు. గడువులోగా రిటర్ను వేసినవాళ్లే వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్లదాకా ముందు ముందు వచ్చే వ్యాపార లాభంలో తగ్గించుకోగలరు.

చేయాల్సింది ఇంతే. పంటకో పేజీ పెట్టి చాకీ పురుగులు, మందులు, కూలీలు, బండి కిరాయి, గూళ్ల పట్టీ రాసుకోండి. జీతం వాళ్ల సహజ్ ఫారం పనికిరాదు. ఐటీఆర్-3 లేదా 4 వేయాలి. సొంత చేనిలో ఆకు పండిస్తే, దాని మార్కెట్ విలువ తీసేసి లాభం కట్టే 7వ నిబంధన గురించి ఆడిటర్‌ను తప్పక అడగండి. కట్టాల్సింది 10 వేలు దాటేలా ఉంటే అడ్వాన్సు పన్ను కట్టండి, లేదా ఆఫీసులో చెప్పి జీతంలోనే కోయించుకోండి.

నాలుగో జ్వరం లేచాక రాత్రులు నిద్ర మానుకొని సంపాదించిన పైసలివి. దాచుకొని భయపడే పైసలు కాకూడదు.