మగ్గం ఎక్కకముందే

తేలియా రుమాలు చూసిన వారెవరైనా మగ్గాన్నే మెచ్చుకుంటారు. అక్కడే చిన్న పొరపాటు. ఎరుపు, నలుపు, తెలుపుల్లో కనిపించే ఆ బొమ్మ మగ్గం ఎక్కకముందే నూలు మీద తయారైపోతుంది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. ఆ తర్వాత లెక్క ప్రకారం పోగులకు చిటికి కడతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ కట్టు కాస్త పక్కకు జరిగిందా, సింహం మూతి వంకర పోయినట్టే. పడుగుకూ పేకకూ కూడా ఇదే తంతు. ఆ రెండింటినీ బొమ్మ చెదరకుండా కలపడం నేతగాడి పని. అదీ ఆషామాషీ వ్యవహారమేమీ కాదు.

చీరాలలో పేరు తెచ్చుకుని, అరబ్ దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతైన ఈ నేతకు ఇప్పటి చిరునామా యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ దక్కాయి. 2020లో రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అన్నీ న్యాయంగా వచ్చినవే.

మరి మిగతా ఇల్లంతా ఎక్కడ? 2019-20 చేనేత గణన దేశంలో 26.73 లక్షల మందిని నేత కార్మికులుగా, 8.48 లక్షల మందిని అనుబంధ కార్మికులుగా లెక్కగట్టింది. కండెలు చుట్టేవారు, రంగులద్దేవారు ఈ రెండో ఖాతాలోకి వస్తారు. మామూలు బట్ట సంగతి సరే. బొమ్మంతా నూలు దగ్గరే తేలిపోయే నేతలో ఆ పని అనుబంధం ఎలా అవుతుందో లెక్కలు రాసినవారే చెప్పాలి.

ఆసు పోయడం సంగతే చూడండి. చిటికి కట్టేముందు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. ఒక్క పోచంపల్లి చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. ఈ వృత్తిలో ఆసు పోసిన ఒక స్త్రీ పేరు నలుగురికీ తెలిసింది, నాకు తెలిసినంతలో, అలా యంత్రం పుణ్యమా అనే.

ప్రదర్శనల్లో ఖరీదైన చీర పక్కన నేసినవారి పేరుతో చిన్న కార్డు పెడుతుంటారు. ఆసు పోసినవారికి, చిటికి కట్టినవారికి కూడా అందులో చోటుంది. అచ్చు ఖర్చు పెరగదు.